మూడో లేన్

నాలుగున్నర అలారం మోగకముందే ఆపేస్తాను.
ఎమెషె అప్పటికే లేచి
చీకట్లో రెండో మేజోడు కోసం తడుముకుంటూ ఉంటుంది.
ఫ్లాస్కులో నిమ్మకాయ టీ, కాగితంలో చుట్టిన రొట్టె,
దాని మీద పందికొవ్వు పూత, ఉల్లి చక్రాలు, చిటికెడు ఎర్రకారం.
నాకు వచ్చిన ఈత ఇంతే.

తీసా నది మీద మంచు.
వంతెన దాటేటప్పుడు కింద నీళ్లున్నాయని నమ్మాలి, కనపడవు.
పాత సుజుకీ హీటరు
సొల్నొక్ కొలను గేటు కనిపించాక గానీ వేడెక్కదు.
వెనకసీట్లో తడి తువ్వాలు వాసన
అయిదేళ్ల కింద ఎక్కింది, దిగలేదు.

మొదట్లో నేను మరో రకం తల్లిని.
గ్యాలరీలో ఒళ్లో నోట్‌బుక్కు,
ప్రతి యాభై మీటర్లకీ ఓ అంకె, తప్పుకి ఎర్రసిరా.
తిరుగుదారంతా అవే:
మలుపులో అర సెకను పోయింది, చూసుకున్నావా,
గోడ అందేముందు తల ఎందుకెత్తావు.
రైలుపెట్టెల షెడ్డులో పగలంతా బోల్టులు బిగించే చేతులు
వదులుగా ఏది కనిపించినా ఊరుకోవు.

ఓ రోజు వంతెన మధ్యలో, కిటికీ వైపు తిరిగి అంది:
"నా టైము నాకు బోర్డే చెప్తుందమ్మా.
నువ్వు వేరే ఏదైనా చెప్పు."

వేరే ఏదైనా.
ఇల్లు చేరేదాకా వెతికాను, దొరకలేదు.
ఆ నోట్‌బుక్కు వెనక పేజీల్లో ఇప్పుడు
బంగాళదుంపలు, సబ్బు, బల్బు.

ఫిబ్రవరిలో జిల్లా పోటీలకి మనుషులు చాలక
కోచ్ బార్నా నా మెడలో స్టాప్‌వాచీ వేశాడు.
"మూడో లేన్ మీది. పక్కకి చూడొద్దు."
అయిదో లేన్లో ఎమెషె.
అక్కడ నేను లేను.

ఈల.
ఎనిమిది వీపులు ఒక్కసారి వంగాయి.
రెండు వందల మీటర్ల బటర్‌ఫ్లై.
రెండు లేన్ల అవతల నా బిడ్డ నీళ్లు చీలుస్తోంది,
నేను మరొకరి బిడ్డని చూస్తున్నాను.

చీటీలో పేరు రేకా. పన్నెండేళ్లు.
మూడో పొడవులో కళ్లద్దాల్లోకి నీళ్లెక్కాయి.
అక్కణ్నించి ఆ చేతులు
నీటిని కొట్టడం మాని బతిమాలుకున్నాయి.
ఒక్కో లేన్లో నురగ చల్లారింది.
అయిదో లేన్లో పలకకి అరచేతులు తగిలిన చప్పుడు.
గోడ అవతల నిద్రలో ఉన్నా గుర్తుపడతాను దాన్ని.
తల తిప్పలేదు.
గొప్పకి చెప్పడం లేదు,
మెడ నరం ఒకటి ఇప్పటికీ పట్టేసి ఉంది.

చప్పట్లు అయిపోయాయి.
కొలనంతటికీ ఒక్కతే, ఇంకా పదిహేను మీటర్లు.
బొటనవేలు బటన్ మీద బిగుసుకుంది.
టైమ్‌కీపర్లు మాట్లాడకూడదు.
రా తల్లీ, రా, ఇంకొక్క చెయ్యి, ఇంకొక్కటి,
ఎవరో గొణుగుతున్నారు, చూస్తే నేనే.
రెండు చేతులూ కలిపి తాకింది.
నొక్కాను.
రాసిన అంకె మీద చుక్క పడి సిరా పాకింది.
కొలను నీళ్లే అయ్యుంటాయి.

తిరుగుదారి.
ఎమెషె జుట్టు కొసలు గడ్డకట్టి కాలరుకి టకటక తగులుతున్నాయి.
ఎన్నో స్థానమని నేనడగలేదు, తను చెప్పలేదు.
"నన్ను చూశావా?"
"లేదు."
"మరి?"
"మూడో లేన్ పిల్లని చూశాను."
కాసేపు హీటరు గరగర.
"షవర్ల దగ్గర ఏడ్చిందమ్మా. నా తువ్వాలు ఇచ్చేశాను."
"నువ్వు దేంతో తుడుచుకున్నావ్?"
"టీషర్టుతో."

రొట్టె విరిచి పెద్ద ముక్క నాకు చాపింది.
కారంతా ఉల్లి ఘాటు.
అద్దంలోంచి చూశాను,
వెనకసీట్లో తువ్వాలు లేదు.
వాసన మాత్రం బెల్టు పెట్టుకుని కూచుంది.