గాలి లేదు

తెల్లారకముందే రంభ రేవులో
పడవ అడుగున ఊరిన నీళ్లు తోడడం మొదటి పని.
రెండోది చీటీ విప్పడం.

చీటీ నాది, కోరికలు వాళ్లవి.
దిబ్బల మీది ఆడవాళ్లు ఒడియాలో చెబుతారు,
నేను తెలుగక్షరాల్లో రాసుకుంటాను:
దియాసిలి పెట్టెలు పది. లుణ రెండు కిలోలు.
బడి మాస్టారికి ఎర్ర సిరా పెన్ను.
నడియాకుదలో కొత్త కోడలికి ఊదారంగు దారం,
నమూనా గుడ్డపేలిక చీటీకే గుచ్చి ఉంది.
సుకాంతికి గోడ గడియారం బ్యాటరీ, సన్నది.

కొట్టు హాడిబంధు సాహుకి నా రాత రాదు,
వాళ్ల రాత నాకు రాదు.
నేను గొంతెత్తి చదువుతాను,
అతను చెవితో తూకం వేస్తాడు.
లుణ అని రాసినచోట పక్కనే ఉప్పు అని కూడా రాస్తాను,
ఎందుకో.
చిలకాలో కాలువ నీళ్లూ సముద్రం నీళ్లూ
ఏవి ఎక్కడ ఆగాయో చెప్పలేనట్టే.

ఐసు ఆఖరున కొనాలి.
ఊకలో పొర్లించి, గోనెలో చుట్టి,
తెరచాప నీడలో పెడతాను.
పడవ వాలు మారితే నీడా మారుతుంది,
మడమతో ఐసుని ఇటు తోస్తాను, మళ్లీ అటు.
ఇన్నేళ్లలో నా ఎడమ మడమే ఎక్కువ చల్లబడింది.

తెరచాప అంటే మైదాపిండి సంచులు,
నడుమ ఒక పాత ఓట్ల ఫ్లెక్సీ.
ఏ పార్టీయో గుర్తులేదు, సగం మొహం మిగిలింది.
గాలి పట్టినప్పుడు ఆయనకి బుగ్గ పొంగుతుంది,
మా కామేసు దండం పెడతాడు.

ఈరోజు పదింటికే ఆయన బుగ్గ పీక్కుపోయింది.

రొయ్యల గేరీల వెదురు కంచెల మధ్య
పడవ నిలబడిపోయింది,
చెప్పు తెగినవాడు బజార్లో నిలబడ్డట్టు.
కామేసు గెడ వేశాడు. బురద గెడని పట్టుకుంది.
గెడని లాగితే పడవే వెనక్కి వచ్చింది.
కోపమొచ్చి బీడీ వెలిగించాడు,
వాళ్ల దియాసిలిలోంచి ఒక పుల్ల తీసి.
పెట్టెకి ఎన్ని పుల్లలో వాళ్లు లెక్కపెట్టరులే, అన్నాడు.
నేను లెక్కపెట్టాను.

ఐసు గోనెలోంచి చుక్కచుక్కగా దిగుతోంది.
పడవలోకి దిగిన నీళ్లని
నేనే డబ్బాతో చిలకాలో పోస్తున్నాను.
డబ్బులిచ్చి కొన్న నీళ్లు.
కంకొడాకుదలో సుకాంతి మొగుడు
తెల్లారి తీసిన రొయ్యలు బుట్టలో పోసుకుని
ఈ నీళ్ల కోసమే చూస్తూ ఉంటాడు.

నేను ఈ నీళ్లకి కొత్తలో
ఇలాగే ఒకరోజు ఆలస్యమైతే
ఒడ్డున నిలబడి, వచ్చీరాని మాటలు కూడగట్టి
"గాలి నాహిఁ" అన్నాను.
దిబ్బ దిబ్బంతా పగలబడి నవ్వింది.
ఒడియాలో గాలి అంటే తిట్టు.
అడక్కుండానే ఆవిడ మమ్మల్ని తిట్టలేదంటోంది, అని
పిల్లలు నెలరోజులు నన్ను ఏడిపించారు.

పొద్దు వాలాక దక్షిణపు వైపు నుంచి
నీళ్ల మీద చిన్న ముడతలు లేచాయి.
నాయకుడి బుగ్గ కొద్దిగా పొంగింది.

కంకొడాకుద చేరేసరికి
రొయ్యలు చాప మీద ఉన్నాయి,
ఉప్పు చల్లి ఎండకి పరిచేసి.
పచ్చివాటి ధరలో పావు వంతు రాదు ఎండువాటికి.
గోనె విప్పాను. లోపల ఐసు
పసిపిల్ల పిడికిలంత.

సుకాంతి నీళ్లచెంబు పట్టుకుని దిగింది.
నేను నోరు తెరిచి ఏం చెప్పాలో తెలియక
ఆ పాత మాటే అన్నాను: గాలి నాహిఁ.
ఆమె నవ్వలేదు.
చాప వైపు చూసింది, తెరచాప వైపు చూసింది.
"నాహిఁ," అంది, చెంబు నా చేతికిస్తూ.

ఆ మాట ఎవరి భాషలో అందో
నేను అడగలేదు.

మిగిలిన ఐసు ముక్కని వాళ్ల చిన్నది బుగ్గలో పెట్టుకుంది.
లోపల గడియారానికి బ్యాటరీ పడింది,
ముల్లు కదిలింది.
టైమెంత అని సుకాంతి అడిగింది.
నా ఫోను పొద్దున్నే చచ్చింది.
కామేసు ఆకాశం చూసి ఆరున్నర అన్నాడు,
అలాగే పెట్టేసుకున్నారు.

"రాసుకో," అంది సుకాంతి,
"రేపటికి."