వ ఒత్తు

ఆ ఏడాది రైళ్లు టైముకు నడిచాయి.
బిట్రగుంటలో గడియారం లేని ఇళ్లు
మెయిలు కూతకు ఎసరు పెట్టుకునేవి.

మా నాయన మాలకొండయ్య ఆ రైళ్ల మీద లేడు.
డెబ్భై నాలుగు సమ్మెలో పార పట్టనన్నందుకు
ఉద్యోగం పోయింది, క్వార్టరు పోయింది.
పోలీసులు వీధిలోకి విసిరిన చట్టిలో
పులుసు ఇంకా వెచ్చగానే ఉంది.
మస్తాన్‌బీ వసారాలో చేరాం.
మరుసటేడు జూన్‌లో, రేడియో మాట్లాడిన మూడోనాటి రాత్రి
నాయన్నే తీసుకుపోయారు.
యాడికని అమ్మ అడిగితే
"అడగరాదమ్మా" అన్నాడు కానిస్టేబులు.
కసురుకోలేదు. రూలు చెప్పినట్టు చెప్పాడు.

నాకు పదకొండేళ్లు. దస్తూరీ బాగుంటుందని
రాత్రిళ్లు సాల్మన్ డ్రైవరు చెప్పేవాడు, నేను రాసేదాన్ని.
తెల్లకాగితం, కార్బను, మళ్లీ తెల్లకాగితం.
ఐదో ప్రతికి అక్షరాలు పొగలా తేలేవి.
"నొక్కి రాయి బంగారూ, గూడూరు దాకా పోవాల అది."
జైల్లో ఎవరున్నారో పేర్లు,
పేపర్లో రాని లాఠీ దెబ్బలు,
చివర ఎప్పుడూ అదే మాట.
ఆయన నిదానంగా పలికేవాడు.
నేను తొందరగా రాసేదాన్ని, నిద్రొచ్చి.

పొద్దున్నే మస్తాన్‌బీ షెడ్డు కాడికి
సగం కాలిన రాక్షసి బొగ్గులు ఏరుకోను పోయేది.
తట్ట అడుగున మా కాగితాలు.
బూడిదగుంటలో వంగిన ఆడదాన్ని ఎవరు చూస్తారు?
అక్కణ్ణించి ఎవరిదో టిఫిన్ క్యారియర్లో
తలమంచి, పడుగుపాడు, నెల్లూరు.
టైముకు.

ఒకటి దొరికింది,
కావలి ప్లాట్‌ఫారం మీద, అరటిపళ్ల బండి కింద.

ఇన్‌స్పెక్టరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో కుర్చీ వేయించాడు,
క్యారమ్ బోర్డు పక్కకు జరిపించి.
కాలనీ అంతా వరసలో రావాల.
తలా ఒక కాగితం, తలా ఒక మాట:
ప్రజాస్వామ్యం అని రాయండి.
ఎందుకంటే దొరికినదాంట్లో
వ ఒత్తు లేదు.
ప్రజాసామ్యం.
నా నిద్ర.

సంగతి ముందురోజే తెలిసింది.
స్టేషన్ రైటరు భార్య కుళాయి కాడ
బిందెతో చెప్పుకున్నట్టు చెప్పింది.
ఆ రాత్రి ఏ ఇంట్లోనూ దీపం ఆరలేదు.

గార్డు రాశాడు: ప్రజాసామ్యం.
పాయింట్స్‌మన్ రాశాడు. టికెట్ కలెక్టరు సుందరేశన్
తమిళం అలవాటైన చేత్తో, నాలుక బయటపెట్టి రాశాడు.
డిగ్రీ చదివిన స్టేషన్ మాస్టరు కళ్లజోడు తుడుచుకుని
తడుముకోకుండా తప్పు రాశాడు.
ఒక్క అక్షరం రాని మస్తాన్‌బీ
ఆ ఒక్క మాటే నేర్చుకుని వచ్చింది.
నేనే నేర్పాను, బొగ్గుతో, వసారా గచ్చు మీద.
పొరపాటున సరిగ్గా రాస్తుందేమోనని
నాకు ఒకటే దడ.

అరవై మూడు కాగితాలు.
పలకకూడని మాట అరవై మూడు సార్లు
సర్కారు సిరాతో, సర్కారు ఫైల్లో.
ఇన్‌స్పెక్టరు చాలాసేపు తిరగేశాడు.
ఆఖరికి రైటర్ని దగ్గరికి పిలిచి
గొంతు తగ్గించి అడిగాడంట:
"అసలు దీనికి ఒత్తు ఉందా, లేదా?"

నన్నెవరూ రాయమనలేదు.
గుమ్మంలో జామకాయ కొరుకుతా నిలబడ్డా.

నాయన పంతొమ్మిది నెలలకు వచ్చాడు,
ఒక చెవి పోగొట్టుకుని.
ఆ చెవి వైపే కూర్చుని నా తప్పు చెప్పాను.
తల ఊపాడు. విన్నాడో లేదో.

మొన్న పోయాను. షెడ్డు లేదు,
బూడిదగుంటలో తుమ్మచెట్లు.
బెంచీ మీద కుర్రాడు ఫోను చూసి విసుక్కున్నాడు.
నలభై నిమిషాలు లేటంట.
"ఆ రోజుల్లో అయితే టైముకు నడిచేయంట గదా పెద్దమ్మా."
నడిచాయబ్బయ్యా, అన్నాను.

బెంచీ దుమ్ములో చూపుడువేలితో
ఒక వ ఒత్తు గీశాను.
పైన ఏ అక్షరమూ లేకుండా, ఊరికే, ఒత్తు.
బండి వస్తా ఉంటే లేచాను.