సంజాయిషీ

ఆర్డరు ఒకటే పేజీ.
పి. సుగుణావతి, సూపరింటెండెంట్ అని మొదలై
సీనియర్ అసిస్టెంట్ అని ముగిసింది.
పదకొండేళ్లు
ఆ మధ్యనున్న కామాలో పట్టాయి.

ముట్టినట్టు సంతకం పెట్టమని సాయిలు పెన్నిచ్చాడు,
గోడ మీద లేని క్యాలెండరు వైపు చూస్తూ.
ఆ మధ్యాహ్నమే నా బల్ల
కిటికీ దగ్గర్నుంచి బీరువా పక్కకు జరిగింది.
కొత్త కుర్చీకి చేతులు లేవు.
మోచేతులెక్కడ పెట్టుకోవాలో
రెండు నెలలు తెలియలేదు.

నేను నోటు రాయడం నేర్పిన శశాంక్
ఇప్పుడు నా ఫైలు మీద
'దయచేసి చర్చించండి' అని రాస్తాడు.
ఆ దయచేసి కూడా నేను నేర్పిందే.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి
ముక్కు మూసుకుని నయాపూల్ దాటితే హైకోర్టు.
రఫత్ మేడం ఒకటే అడిగింది:
"మిమ్మల్ని పిలిచి అడిగారా?"
లేదు.
"నోటీసు?"
లేదు.
"చాలు."
నాకు చాలలేదు.
సీనియారిటీ జాబితాలు, రోస్టరు, పాత జీవోలు
నలభై కాగితాలు మోసుకెళ్లాను.
ఆవిడ వాటికి తాడు కట్టి పక్కన పెట్టింది.

తర్వాత మూడు వానాకాలాలు.
లిస్టులో నాది నూట పద్నాలుగు;
ఎనభై రెండు దగ్గర భోజనానికి లేస్తారు.
కౌంటరు వెయ్యడానికి సర్కారు ప్లీడరు వారం అడుగుతాడు.
ఆ వారంలో
మా అమ్మాయి ఇంటరు అయిపోయింది.
సెలవు చీటీలో 'సొంత పని' అని రాసేదాన్ని,
శశాంక్ తలెత్తకుండా మంజూరు చేసేవాడు.

తీర్పుకు నాలుగు నిమిషాలు.
వినకుండా తగ్గించారు గనక ఆర్డరు చెల్లదు,
కావాలంటే విని, మళ్లీ చెయ్యండి.
తాడు ఎవరూ విప్పలేదు.
మెట్ల కింద చాయ్ తాగుతూ రఫత్ మేడం ముబారక్ అంది.
నేనూ నవ్వాను, ఆలస్యంగా.

కిటికీ దగ్గరి బల్ల తిరిగొచ్చింది.
పాత కుర్చీయే, ఒక చెయ్యి ఊగుతోంది.
పన్నెండో రోజున కవరు:
మిమ్మల్ని ఎందుకు తగ్గించకూడదో
పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు.
మార్జిను నేను నేర్పినంతే వదిలాడు శశాంక్.

"గెల్సినట్టా మేడం, ఓడినట్టా?"
సాయిలు ఈసారి నా మొహమే చూశాడు.
"అడిగిన్రు" అన్నాను.

అందరూ వెళ్లాక తాడు విప్పాను.
ముడి దగ్గర కాగితాలు కోసుకుపోయి ఉన్నాయి.
'అయ్యా' అని టైపు చేసి
చెరిపి
కాసేపు ఆగి
మళ్లీ చేశాను.