త్రయోదశి నాటి ఇనుము

ధన్‌తేరస్ నాడు ఇనుము కొనకూడదని
అల్మోడాలో పసిపిల్లకైనా తెలుసు.
కొంటే రాగి కొనాలి. మా రాగి.
పొద్దున్నించీ టమ్టాల వాడ మెట్ల మీద
బిందెలు భుజానికెత్తుకుని జనం దిగిపోతూనే ఉన్నారు.
ఎండ తగిలిన చోటల్లా
కొండ ఒళ్లు ఎర్రగా మెరుస్తోంది.

వాటిలో సగం నాన్న చేతివి.
నలభై ఏళ్ల కొలిమి పొగ
లెక్క తప్పకుండా ఆయన గుండెలోనే ఉంది.

మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు
తాడు కట్టి మోసుకొచ్చారు సిలిండరుని.
నల్లటి ఒళ్లు, తెల్లటి మెడ.
గడపలో అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇవాళ ఇనుమా? రేపు తెండి నాయనా."
లోపల్నించి నాన్న దగ్గు
చాలాసేపు జవాబు చెప్పింది.

అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.
"ఖాళీ పాత్ర కదా గడప దాటకూడనిది" అంది తనలో తాను,
"ఇది నిండే ఉంది."
రోలీ తెచ్చి తెల్లటి మెడకి బొట్టు పెట్టింది,
నాలుగు అక్షింతలు వేసింది.
ఒక గింజ మీటరు అద్దానికి అంటుకుపోయింది.
ఎర్రమట్టి మీద నేను వేసిన పిండి పాదాలు
కుర్రాళ్ల చెప్పుల కింద సగం చెరిగాయి,
మిగిలిన సగం లోపలికే నడుస్తున్నాయి.

నాన్న ముందు మాస్కు వద్దన్నాడు.
వేలి కణుపుతో సిలిండరుని కొట్టి
చెవి ఒగ్గాడు,
బేరగాడు బిందెని కొట్టి చూసినట్టు.
"అతుకు లేదు జసులీ. ఎవడు చేశాడో గానీ
పని తెలిసినవాడు."
అప్పుడు పెట్టించుకున్నాడు.

పది అడుగుల్లో నిప్పు ఉండకూడదన్నాడు
గొట్టం బిగించిన కుర్రాడు.
యముడి దీపం మాత్రం గడప పక్కనే కదా, దక్షిణం వైపు.
ఆవనూనె పోసిన పిండి ప్రమిద పట్టుకుని
అమ్మ అడుగులు లెక్కపెడుతూ బయల్దేరింది.
పది దాటినా ఆగలేదు.
మోతీరాం కొట్టు దాటి, కుళాయి దాటి
మెట్లు మలుపు తిరిగే చోట పెట్టొచ్చింది.
"అంత దూరమా?"
"ఆయనకి కావలసింది వెలుగే కదే,
ఇల్లు గుర్తులు చెప్పడం దేనికి?"

రాత్రి కొట్టు మూసేవేళ
చిన్న రాగి చెంచా ఒకటి మిగిలింది.
మా దగ్గర మేమే కొన్నాం,
పది రూపాయలు తగ్గించమని అమ్మ నాతో గొడవపడింది.
నీళ్లు పోసి లోపలికి తెచ్చాను.

గదిలో నీళ్ల సీసా బుడగలు తీస్తోంది,
ఆగి, ఆగి, కొలిమి తిత్తిలా.
నాన్న నిద్రలో
కుడిచెయ్యి మెల్లగా లేస్తోంది, దిగుతోంది
సుత్తి లేకుండా.