నూనె ముల్లు

టాయిస్తో షెడ్డులో, తాళంచెవులు తగిలించే మేకుకి
ఒక బేరింగు ముక్క కూడా వేలాడుతుంటుంది.
అరచందమామ. పైపూత అరిగిపోయి
అడుగునున్న రాగి ఎర్రగా తేలింది.
"అది నా ఇరవై రెండో ఏడు" అంటాడు.
అంతకుమించి చెప్పడు.

నేను కారు తెచ్చిన రోజు
బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.
ఆరు సిలిండర్లు, ఒక టర్బో,
నాలుగేళ్ల నా రాత్రి షిఫ్టుల జీతం.
"వేడి చూపించే ముల్లేది?"
ఉందిగా డాష్‌బోర్డు మీద, అన్నాను.
"అది నీళ్లది.
నీళ్లు గడపలోనే కలిసిపోయే రకం.
నూనె అలా కాదు, వేడెక్కడానికి దానికి టైం కావాలి.
లోపల తిరిగేది అదే, బరువు మోసేది అదే,
ఎలా ఉన్నావని దాన్ని అడిగేవాడే లేడు."

సంపుకి రంధ్రం చేసి సెన్సర్ బిగించాడు.
గుండ్రటి మీటరు, యాభై నుంచి నూట యాభై దాకా.
రేడియో తీసి అక్కడ పెట్టమన్నాను.
"రేడియో ఉండనీ,
నూనె కాగేదాకా ఏం చేస్తావు మరి?"

ఫిన్లాండులో జనవరికి
తెల్లవారుజాము అనే మాట చెల్లదు. తెల్లవారదు.
మైనస్ ఇరవై మూడు.
పియెక్సమాకి ఊరు దాటకముందే నీళ్ల ముల్లు
మధ్యకొచ్చి కూర్చుంది,
అంతా సవ్యంగానే ఉందనే గుమాస్తాలా.
నూనె ముల్లు అడుగునుంచి లేవలేదు.
ముందు కలప లారీ. ఎదురుగా రోడ్డు ఖాళీ.
కుడికాలి కింద మూడు వందల గుర్రాలు
కాలు దువ్వుతున్నాయి.
లారీ వెనకే వెళ్లాను డెబ్బైలో,
దుంగల చివర కట్టిన ఎర్రగుడ్డ చూసుకుంటూ.

ఆ చలికాలం నాకు దారి డిగ్రీల్లో కంఠతా వచ్చింది.
చర్చి దగ్గర యాభై ఐదు.
గడ్డకట్టిన సరస్సు మలుపులో అరవై.
కోతమిల్లు చిమ్నీ కనబడితే డెబ్బై.
వంతెన దిగాక ఎనభై ఐదు,
అప్పుడు,
రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డు మీద
మూడో గేరు.
దాని గురించి రాయను. అది నాది.

జూలైలో, విమానాలు రావడం మానేసిన రన్‌వే మీద పందెం.
ఐదో రౌండు. ముందు ఓన్ని నీలం కారు,
మూడు మలుపులుగా నా ముక్కు దాని తోకకి తగులుతోంది.
నూట పద్దెనిమిది. నూట ఇరవై నాలుగు.
గుమాస్తా కుర్చీలోంచి కదల్లేదు.
నూట ముప్పై ఆరు.
ఆ వేడికి నూనె చిక్కదనం చస్తుంది.
ఇనుముకీ ఇనుముకీ నడుమ
వెంట్రుక మందమైనా లేని పొర,
దాని మీదే నా నాలుగేళ్లు గిరగిరా తిరుగుతున్నాయి.
కాలు తీశాను.
ఓన్ని కిటికీలోంచి చెయ్యి ఊపాడు.
కంచె దగ్గర ఎవరో నవ్వారు కూడా.
పైగేరులో, గాలికి వదిలి,
ముల్లు దిగడం చూస్తూ ఒక రౌండంతా తిరిగాను.
ఓన్ని కారు ఆ సాయంత్రం నిక్షేపంగా ఇంటికెళ్లింది.
అదీ చెప్పాలి కదా.

అక్టోబరులో ఒకరోజు ముల్లు లేవనే లేదు.
చర్చి. సరస్సు. మిల్లు. వంతెన.
తిన్నని రోడ్డు వచ్చింది, పోయింది.
నలభై కిలోమీటర్లు
నిద్రపోతున్న పిల్లను ఎత్తుకున్నట్టు నడిపాను.
పుట్టగొడుగుల బుట్టతో ఒకామె చెయ్యెత్తింది.
రోజూ ఎత్తుతుందట, నేనే చూడలేదట.

టాయిస్తో కారు కిందికి దూరాడు.
"వైరు ఊడింది. నూనె ఎప్పుడో కాగింది."
తల పట్టుకున్నాను.
కాళ్లు మాత్రమే కనబడుతూ, గొంతు కిందనుంచి:
"తప్పు ముల్లుని నమ్మి ఆగావు. ఇంజన్లు దానివల్ల పోవు.
తప్పు ముల్లుని నమ్మి తొక్కితేనే..."

ఆ మాట అక్కడే వదిలేశాడు.
నేను మేకు వైపు చూశాను.
చెయ్యి బయటికి చాపి స్పానర్ అడిగాడు.
ఇచ్చాను.
ఇది పన్నెండు, పదమూడు కావాలి, అన్నాడు.