వాన పడ్డాక ఇస్తాను

టికెట్టు రెండు యూరోలు. ముసలివాళ్ళకి ఒకటి.
లోపల చీకటి, మెట్టు చూసుకోండి.
నా పేరు ఒబ్దూలియా. తాళంచెవి నా దగ్గరే,
భక్తి మాత్రం అప్పుడప్పుడే.

అదిగో, బలిపీఠం మీద బంగారు పూతతో నిలబడ్డది,
మా మదర్ బ్రియాండా.
బతికున్నప్పుడు ఇంత పొడుగు కాదట.
మొహం నిండా మశూచి మచ్చలట.
శిల్పి వాటిని చెక్కకుండా వదిలేశాడు.
కూలి సరిపోలేదేమో.

ఆవిడ వచ్చేనాటికి ఈ మఠంలో
గొప్పింటి ఆడపిల్లలకు పట్టు తెరలు,
గదికొక పనిమనిషి, ఒళ్ళో కుక్కపిల్ల.
వెనక గోడలో ఒక చిన్న తలుపు,
దొరలు గిటారుతో వచ్చిపోయేందుకు.
పేదింటి మఠకన్యలు మెట్ల కింద పడుకునేవాళ్ళు,
అడుగూ బొడుగూ గీక్కుని తిని.

బ్రియాండా కేకలెయ్యలేదు.
మొదటిరోజు గంట కొట్టి
చెంచాలన్నీ పట్టుకురమ్మంది, అంతే.
వెండివి, కొమ్ముతో చేసినవి, కొయ్యవి
నేలమీద గుట్ట పోయించి
వెండివి అమ్మి పిండి కొంది.
ఆ రాత్రి ప్రభువుగారి కూతురూ కుమ్మరి కూతురూ
ఒకే బల్ల దగ్గర, కొయ్య చెంచాలతో,
ఒకే పలచటి చారు తాగారు.
ఎవరో ఏడ్చారట. ఎవరన్నది రాసిలేదు.
మర్నాడు మేస్త్రీ వచ్చి వెనక తలుపు పూడ్చేశాడు.
ఆ రాళ్ళ రంగు ఇప్పటికీ కలవలేదు.
చెయ్యి పెట్టి చూడండి, పర్లేదు.

పట్టు తెరలవాళ్ళు ఊరుకుంటారా?
బిషప్పుగారికి ఉత్తరాలు వెళ్ళాయి.
పదకొండు నెలలు పావురాల గూటికి తాళంవేసి ఉంచారు,
మా సియేర్సో గాలి ఎముకలు కొరికే మిద్దెమీద.
అక్కడ ఆవిడకి దేవుడు కనిపించాడని
ఈ బోర్డు మీద మూడు భాషల్లో రాశారు.
బయటికి రాగానే ఆవిడ అడిగింది మాత్రం
పిండి ధర ఎంతని.

పోయేముందు ఒక్కటే కోరింది:
ఉల్లి మడి పక్కన, పేరు లేకుండా.
ఎవరు విన్నారు?
చిటికెనవేలు ఒక ఊరివాళ్ళు పట్టుకుపోయారు,
దవడ ఇంకొకళ్ళు.
చెప్పుల్లేక నెర్రెలిచ్చిన ఆ మడమకి
మావాళ్ళు పెట్టె చేయించారు.
వెండి పెట్టె.

నన్నడిగితే ఆవిడ ఇక్కడుంది,
ఈ అద్దం కింద, జమాఖర్చుల పుస్తకంలో.
అక్షరాలు చీమల బారులా పోతాయి, నేను చదువుతాను:
ఉల్లిపాయలు, నలభై.
పైకప్పుకి మేకులు.
గాడిదకు క్షమాపణ, నిన్న ఎక్కువ మోయించాను.
కంచరగాడిదల సొయీలోకి బాకీ మూడు రియాళ్ళు,
వాన పడ్డాక ఇస్తాను.

ఆ పద్దు మీద కొట్టివేత లేదు.
ఆ ఏడు వాన పడలేదు.
ఆవిడ ఆ ఏడు దాటలేదు.

ఆవిడ వెనక పంతొమ్మిది మఠాలు లేచాయట.
ఇక్కడ ఆఖర్న మిగిలిన సిస్టర్ కసిల్దా
ఒక మంగళవారం పొద్దున, పిచ్చుక పంజరం చేత్తో పట్టుకుని
సరగోస్సా వ్యాను ఎక్కుతూ
ఈ తాళంచెవి నా గుప్పిట్లో పెట్టింది.
కుడికి తిప్పు, కొంచెం బతిమాలు, అంది.

ఇప్పుడు కింద బార్లో బాకీ పెట్టేవాడెవడైనా
"వాన పడ్డాక" అంటాడు.
గుడి గడప తొక్కని కుర్రాళ్ళు కూడా.
ఆ బారు యజమాని ఇంటిపేరు అడగకండి,
సొయీలో మనవడికి మనవణ్ణని
తాగినప్పుడల్లా చెబుతాడు,
నాలుగొందల ఏళ్ళ వడ్డీ లెక్క కడతాడు,
కట్టి, లేనివాడికి ఇంకో గ్లాసు పోస్తాడు.

నిన్న రాత్రి నుంచీ ముసురు.
కప్పు కారి, బంగారు బుగ్గ మీద పూత ఊడింది,
కింద సున్నం గుంటలు గుంటలుగా బయటపడింది.
బక్కెట్టు పెట్టి కాసేపు చూస్తూ నిలబడ్డాను.
ఈసారి పోలిక బాగానే కుదిరింది.

కప్పు చూడ్డానికి మేస్త్రీ ప్రుదెన్సియో వచ్చాడు.
పెంకులెక్కబెట్టి, గొడుగు దులుపుకుని,
డబ్బులెప్పుడిస్తావన్నాడు.
నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.
బయట ఇంకా కురుస్తూనే ఉంది.