ఏడో ఎక్కం

నేను పంతులమ్మను కాదు.
ఇరవై తొమ్మిదేండ్లు సిటీ బస్సుల టికెట్లు కొట్టినదాన్ని.
చిల్లర తక్కువొస్తే నా జీతంల కోత.
గందుకే లెక్కలొచ్చినయి.

ఏ.సి. గార్డ్స్‌ల, ఇస్త్రీ బండి ఎనక గల్లీల
నసీమా బీ ఇచ్చిన ముందు రూముల
సాయంత్రం ఆరున్నరకు చాప పరుస్త.
గడప కాడ పదకొండు జతల చెప్పులు.
ఒక్కో దినం ఎనిమిదే.

వీళ్ల ముత్తాతల తాతలు ఆఫ్రికా నుంచి వచ్చిన్రో,
ఎవరన్న తెచ్చుకున్నరో.
నిజాం గుర్రాల మీద కావలి గాసిన్రు.
గుర్రాలు పోయినయి, లాయం పోయింది,
పేరొక్కటి బస్‌స్టాపుకు మిగిలింది.
ఆ పేరు నేను వేలసార్లు కేకేసిన.
అర్థమేందని ఒక్కనాడు గూడ అడగలే.

యాకూత్‌కు పదమూడేండ్లు.
మాసబ్ ట్యాంకు కాడ వాణ్ని ఆపి
"ఏ దేశం మీది?" అంటరు.
తెలుగుల జవాబిస్తే నవ్వుతరు,
ఉర్దూల చెప్తే నమ్మరు.
ఓనాడు రాత్రి పాలపాకెట్టుకు పోతే జీపు ఆపింది.
పేరడగక ముందే వాని రంగు చదువుకున్నది.
తెల్లారి వాళ్లమ్మ జుబేదా
ఓ కాగితం మీద వేలిముద్రేసి కొడుకును తెచ్చుకున్నది.
అందుల ఏముందో ఆమెకు తెల్వదు.
నేను చదివి వినిపించిన.
శానసేపు చెయ్యి కొంగుకు తుడుచుకుంటనే ఉన్నది,
సిరా ఎప్పుడో పోయినా.

"రేపటి సంది మీరు గూడ రాండ్రి" అన్న.

అమ్మలొచ్చిన్రు, చేతులకు ఉల్లిగడ్డ వాసనతోని.
అ ఆల కంటె ముందు నేర్పిందేందంటే
సంతకం ఏడ పెట్టొద్దో,
"చదివి వినిపించుండ్రి సార్" అని
కుర్చీ ముందల నిలబడి ఎట్ల అడగాలెనో.
నేనే ఎస్సైని. నా పాత ఖాకీ అక్కరకొచ్చింది.
మొదటి దినం నన్ను చూసి జుబేదా నిజంగనే వణికింది.
నాలుగో దినం నా టోపీ తీసి పక్కకు పెట్టింది.

ఫరజ్ మర్ఫా కొడ్తడు.
పెండ్లిండ్ల దినాలల్ల రాత్రి రెండు దాంక
బరాత్ ముందల, మూడొందలకు.
పొద్దుగాల లేవడు. బడిల పేరు కొట్టేసిన్రు.
వాళ్లమ్మ మరియం ఒక్కతే లోపలికి పోయింది.
నేను గేటు కాడ నిలబడ్డ, రాని బస్సు కోసం నిలబడ్డట్టు.
రిజిస్టరు తన దిక్కు తిప్పుకొని
వేలు పెట్టి కూడబలుక్కున్నదట:
దీ... ర్ఘ... కాల... గైర్హాజరు.
"దీర్ఘమంటే అక్షరానికి పెట్టేది గద సార్.
మా పిల్లగానికెందుకు పెట్టిన్రు?"
పెద్దసారు గ్లాసెడు నీళ్లు తాగిండట.
పేరు మళ్ల ఎక్కింది.
రాత్రి పని గురించి మాత్రం ఎవ్వరి కాడ జవాబు లేదు,
నా కాడ గూడ.

ఏడో ఎక్కం ఎవ్వనికి రాదు.
ఫరజ్ నూనె డబ్బా బోర్లేసి దరువెత్తుకుంటడు.
ఏడొకట్ల ఏడు. ఏడు రెండ్ల పద్నాలుగు.
గల్లీల ఇస్త్రీ పెట్టె గూడ ఆ దెబ్బకే కదుల్తది.
ఏడెనిమిదుల కాడ యాకూత్ ఎప్పటికీ యాభైనాలుగంటడు.
ఫరజ్ ఆ జాగల ఒక దెబ్బ ఖాళీ ఇడుస్తడు.
ఉరికొచ్చే పిల్లగాని కోసం
నేను రైట్ అనకుంట విజిల్ నోట్ల పట్టుకున్నట్టు.
యాభై... ఐదు... ఆరు!
ఎక్కిండు.

సాలిం రాక నెలాయె.
మల్లేపల్లిల పంక్చరు దుకాణంల ఉన్నడని ఒకరు,
లేడని ఒకరు.
రేపు పోవాలె.
ఇప్పుడు ఆడోళ్లకు జీరో టికెట్టే గద,
కొత్త కండక్టరమ్మ చించి ఇస్తది.
దాని ఎనక వాని పేరు రాసుకుంట,
తల్లి పేరు గూడ.